ఆలస్యంగా అరిచిన పెట్టె

ఫోన్ మోగేసరికి ప్రత్యూష చేతులు రెండూ దోశపిండిలో ఉన్నాయి. మోచేత్తో తెర మీద నొక్కి చూసింది. "హ్యాచర్ వేడి హద్దు దాటింది. వెంటనే చూడండి."

ఆ వాక్యం తను రాసిందే. 'వెంటనే' కింద గీత గీసే వీలు లేదని అప్పట్లో కొంచెం బాధపడింది కూడా.

పిండి చేతులతోనే సూర్యాపేట నుంచి కోదాడకు ఫోన్ కలిపింది. అక్కడ ఆమె బాబాయి రాధాకృష్ణకు నాటుకోడి పిల్లల హ్యాచరీ ఉంది. దాన్ని చూసుకునేది గణేష్. తిరుమలగిరి వాడు, ఇద్దరు పిల్లల తండ్రి, గుడ్లను కూడా సొంత పిల్లల్లాగే తిడుతూ చూసుకుంటాడు.

"గణేషూ, హ్యాచర్ చూసినవా?"

"ఎప్పుడో సూసిన అక్కా. గాలి బోయే మూత మూసుకపోయింది, తెరిసిన. చాయ్ తాగిన. ఇప్పుడు ఉప్మా తింటున్న."

"ఎప్పుడో అంటే?"

"అరగంట పైనే అయితది."

"నాకు మెసేజ్ ఇప్పుడొచ్చింది."

"నాకూ ఇప్పుడే మోగింది. నేను గుడ్ల ట్రేల కోసం అటు దిక్కు పోయి సూసిన గాబట్టి సరిపోయింది. నీ పెట్టె నిద్రలేసి చెప్పేసరికి నా పని ఖతం." గణేష్ నవ్వాడు.

ప్రత్యూషకు నవ్వు రాలేదు. పెనం మీద దోశ మాడింది. అది చూసినా ఆమె భర్త వెంకటేష్ కంగారుపడలేదు. మిర్యాలగూడ జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడు కాబట్టి నష్టాలను నిబ్బరంగా చూడటం అలవాటు.

"ఒక్క మెసేజ్ లేటయితే ఏమైతది? నెట్‌వర్క్ అయ్యుంటది" అన్నాడు, మాడింది పక్కకు తీసిపెడుతూ.

"నెట్‌వర్క్ అయితే టవర్ని తిట్టుకుంట కూసుందును. ఇది నేను పెట్టింది."

"మధ్యాహ్నం పరీక్షల డ్యూటీ అయినంక నేను పెండ్లి ఇంటికే పోత. సాయంత్రం మీ పిన్నివాళ్లు గాడికే వస్తరు గద, మాట్లాడు."

అదే ఆమె భయం. ఆ సాయంత్రం మిర్యాలగూడలో పిన్ని జయమ్మ అన్న కొడుకు పెళ్లి. బాబాయి, పిన్ని, హ్యాచరీలో పనిచేసే ఆడవాళ్లు, అందరూ వ్యాన్ కట్టుకుని వెళ్తున్నారు. గణేష్ ఒక్కడే ఉంటాడు. ఫోన్ మోగితే లేస్తాడు, మోగకపోతే పడుకుంటాడు. ఆ ఏర్పాటు మొత్తం ప్రత్యూష మాట మీద నమ్మకంతో చేసింది.

హ్యాచర్ అంటే గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే పెట్టె. పేరుకు పెట్టె, ఎత్తుకు బీరువా. గుడ్లు చివరి మూడు రోజులు అందులో ఉంటాయి. అప్పుడు వేడి ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై అలాగే నిలబడితే, లోపల ముక్కుతో గీకుతున్న పిల్ల లోపలే ఆగిపోతుంది. కిందటి చలికాలం రెండు సార్లు అట్లే జరిగింది. రెండోసారి రాధాకృష్ణ గుడ్లను గోతిలో పోయించి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా అన్నాడు: "ఇంకోసారి ఇట్లా అయితే తాళం వేసేసి తాళంచెవి మీ పిన్నికిచ్చేస్తానమ్మా. నా వల్ల కాదు."

అప్పుడు ముందుకొచ్చింది ప్రత్యూష. కంప్యూటర్ సైన్సు బీయస్సీ, ఫస్టు క్లాసు. పెళ్లయ్యాక ఆ చదువు ఎక్కువగా వీధిలో వాళ్ల ఫోన్లలో పోయిన ఫొటోలు వెతికిపెట్టడానికి ఖర్చయింది. పేకముక్కల కట్టంత ఉండే చిన్న బోర్డు ఒకటి తెప్పించింది. చూడ్డానికి పచ్చటి అట్టముక్క, పనికి నిండు కంప్యూటర్. హ్యాచర్లో వేలాడే సెన్సార్ చెప్పే వేడిని అది తీసుకుంటుంది. పక్కనే ఉన్న డిస్కులో రాస్తుంది. రాసింది నిజంగా రాసుకుపోయిందో లేదో నిర్ధారించుకుంటుంది. ఆ తర్వాతే హద్దు సంగతి చూసి, దాటితే అందరి ఫోన్లకూ చెబుతుంది. రుజువు చేతిలో లేకుండా నోరు తెరవకూడదని అత్తగారింట్లో నేర్చుకున్న పాఠాన్ని ప్రత్యూష ఆ బోర్డుకు కూడా నేర్పింది.

"ఇక మీరు నిశ్చింతగా నిద్రపోండి బాబాయ్" అన్నది పెట్టిన రోజున. బాబాయి ఆ మాటను మరీ మనస్ఫూర్తిగా తీసుకున్నాడు. హ్యాచర్‌కున్న పాత సైరన్ ఊడదీసి పక్కనున్న రైసుమిల్లు వాళ్లకిచ్చాడు. ఇప్పుడది మోగితే మిల్లు కూలీలు అన్నాలకు వెళ్తారు.

అంటే ఇప్పుడు హ్యాచర్‌కు ఉన్న కాపలా ఒక్కటే. అది అరగంట వెనక ఉంది.

*

వంటింటి గట్టు మీద కరివేపాకు పక్కకు జరిపి లాప్‌టాప్ పెట్టుకుంది ప్రత్యూష. ఇక్కడి నుంచే కోదాడ బోర్డులోకి వెళ్లవచ్చు. వెళ్లింది. ఒక అక్షరం నొక్కితే అది తెర మీదికి వచ్చేలోపు కుక్కర్ ఒక కూత వేసింది.

బోర్డు పని ఎక్కువై అలసిపోయిందా అని చూసింది. లేదు. బోర్డు దాదాపు ఖాళీగా కూర్చుంది. ఖాళీగా అంటే సుఖంగా కాదు. రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ మనిషిలాగా. వరుసలో ముందున్నది కదిలితే కదా. ముందున్నది డిస్కు.

సరే, డిస్కు ఎంత వేగంగా రాస్తుందో చూద్దామని ఒక పరీక్ష పెట్టింది. పెద్ద ఫైలు ఒకటి రాయమన్నది. చిటికెలో "అయింది" అన్నది. అంకె చూస్తే బ్రహ్మాండం. ప్రత్యూషకు ఒక్క నిమిషం ప్రాణం లేచివచ్చింది.

సింకు దగ్గర రంగి గిన్నెలు తోముతోంది. పొద్దున్నే వచ్చి నాలుగిళ్లు చేసుకుపోయే మనిషి.

"గిన్నెలైనయా రంగీ? ఆ గిన్నె ఇటియ్యి, పప్పు దింపాలె."

"అయినయమ్మా."

చూస్తే అన్నీ సబ్బు నురగలోనే ఉన్నాయి.

"అయినయంటివి?"

"తోముడు అయింది. కడుగుడు ఎంతసేపమ్మా?"

ప్రత్యూష లాప్‌టాప్ వైపు తిరిగి నుదురు కొట్టుకుంది. బోర్డు కూడా అదే చేసింది. రాయమన్నదాన్ని ముందు తన జ్ఞాపకంలో కుక్కుకుని "అయింది" అంటుంది. డిస్కు మీదికి తర్వాత తీరిగ్గా దించుతుంది. మొదటి అంకె జ్ఞాపకానిది, డిస్కుది కాదు.

"ఇది కూడా నీ లెక్కనే ఉన్నది రంగీ."

"గా పెట్టెతోని నన్ను జతచేస్తవేందమ్మా? నేను మధ్యాహ్నానికైనా కడిగి పోత."

ఈసారి, డిస్కు మీద నిజంగా పడేదాకా "అయింది" అనొద్దని కట్టడి చేసి పరీక్ష మళ్లీ పెట్టింది. పప్పు దించింది. తాలింపు వేసింది. రంగి గిన్నెలు కడిగి, బోర్లించి, చీర దులుపుకుని వెళ్లిపోయింది. అప్పుడొచ్చింది అంకె. ఇదే డిస్కు ఇదే వంటింట్లో పరీక్షించినప్పుడు పరిగెత్తింది. ఇప్పుడు అందులో పదో వంతు కూడా నడవడం లేదు.

ఎందుకో వెతకడం మొదలుపెట్టింది.

బోర్డు బాగా వేడెక్కితే కూడా నెమ్మదిస్తుంది. వేడి చూసింది, మామూలుగానే ఉంది. కరెంటు చాలకపోతే బోర్డు తనే ఆ సంగతి రాసుకుంటుంది. అట్లాంటి రాత లేదు. డిస్కు నిండిందా? ముప్పావు వంతు ఖాళీ. చివరికి బోర్డు తనకు జరిగినవన్నీ నమోదు చేసుకునే చిట్టా తెరిచింది. అక్కడ ఒకటే గోల. డిస్కు తెగిపోయింది, మళ్లీ దొరికింది. తెగిపోయింది, దొరికింది. దొరికిన ప్రతిసారీ పెద్దదారి వదిలేసి ఇరుకు సందులోంచి వస్తోంది. తెగినప్పుడల్లా బోర్డు పని ఆపుకుని దాని కోసం ఎదురుచూస్తోంది, ఈలోగా వేడి అంకెలు వరుస కట్టి పేరుకుపోతున్నాయి.

ఇక్కడి నుంచే ప్రోగ్రామ్ మార్చవచ్చు. కానీ మార్చాక బోర్డును ఒకసారి ఆపి లేపాలి. ఇంత తెగుతున్న డిస్కుతో అది లేవకపోతే? అరగంట ఆలస్యపు కాపలా కూడా ఉండదు.

డిస్కే చెడిపోయిందో, డిస్కుకూ బోర్డుకూ మధ్య దారి చెడిపోయిందో తేలాలి. దారి అంటే జానెడు నల్ల వైరు. ఆమె జయమ్మకు ఫోన్ చేసింది.

"పిన్నీ, ఆఫీసు గదిల నా పెట్టెను ఎవరన్న ముట్టుకున్నరా?"

"నీ పెట్టెనా? ఎవరు ముట్టుకుంటారమ్మా. దుమ్ము కూడా తుడవొద్దన్నావు కదా, తుడవట్లేదు."

"దాని పక్కన నల్ల వైరు గట్టిగున్నదా చూస్తవా?"

"గట్టిగానే ఉంది" అని వెంటనే వచ్చింది జవాబు.

"వెళ్లి చూసి చెప్పు పిన్నీ."

"చూసే చెబుతున్నానే. నాకు జాకెట్టు కుట్టినావిడ వచ్చింది, ఉంటా."

ప్రత్యూష గణేష్‌ను ఫొటో పంపమన్నది. పంపాడు. బోర్డు గోడకు బుద్ధిగా ఉంది. దాని డబ్బా మీద కుంకుమ బొట్టు, పైన ఒక బంతిపువ్వు. ఫొటో బోర్డు అంచుల దగ్గరే ఆగిపోయింది, పెళ్లిసంబంధానికి తీసిన ఫొటోలాగా. పక్కన ఏముందో కనబడకుండా.

"ఇంకొంచెం పక్కకు తీసి పంపు గణేషూ."

"చార్జింగ్ అయిపోతున్నదక్కా."

పప్పు మీద మూత పెట్టి, తన దగ్గరున్న ఇంకో డిస్కును, కొత్త వైరును జాకెట్టు గుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆమె బస్టాండుకు నడిచింది.

*

మే నెల ఎండ. కోదాడ బస్సులో కిటికీ రాడ్డు కూడా ముట్టుకోనివ్వడం లేదు. మునగాల దాటేదాకా ప్రత్యూష ఫోన్లో హ్యాచర్ వేడినే చూస్తూ కూర్చుంది. ముప్పై ఏడు చిల్లర. బాగానే ఉంది. కానీ ఆ బాగు ఎప్పటిది?

పక్కసీటు పెద్దావిడ తొంగి చూసింది. "ఎవరికి బిడ్డా, జరమా?"

"గుడ్లకమ్మా."

పెద్దావిడ ఇంకేమీ అడగకుండా తన సంచిని కొంచెం ఆవలికి జరుపుకుంది.

హ్యాచరీ చేరేసరికి వ్యాను అప్పటికే వాకిట్లో ఉంది. రాధాకృష్ణ అరుగు మీద అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప నురగలో ఉంది.

"ఇదేంటమ్మా, నువ్వు నేరుగా మిర్యాలగూడ రావాల్సింది కదా?"

"పెట్టె చూసి పోదామని బాబాయ్."

"బానే ఉందిగా? పొద్దున మోగింది కూడా."

అద్దంలోంచి ఆయన కళ్లు నిశ్చింతగా చూశాయి. ఆ నిశ్చింత తను ఇచ్చిందే. ప్రత్యూష నేరుగా ఆఫీసు గదిలోకి వెళ్లింది.

బోర్డు ఫొటోలో ఉన్నట్టే ఉంది, ఆగ్నేయం మూల. దాని పక్కన డిస్కు ఉండాలి. లేదు. డిస్కు ఉండాల్సిన చోట నుంచి ఒక తెల్ల వైరు బయలుదేరింది. అది గోడ వెంట పోయి, లక్ష్మీదేవి పటం కింద ఒక ముడి తీసుకుని, ఇంకో బూడిదరంగు వైరుతో కలిసి, తలుపు మీదుగా ఎక్కి, అక్కడ మూడో వైరు పట్టుకుని, కిటికీ దిగి, నైరుతి మూల ఇనప బీరువా మీదికి చేరింది. బీరువా మీద పసుపు గుడ్డ. గుడ్డ మీద డిస్కు. డిస్కుకు బొట్టు.

ప్రత్యూష ఆ వైరు వెంట కళ్లతో ఒకసారి వెళ్లి, నమ్మకం కుదరక మళ్లీ వెనక్కి వచ్చింది.

తలుపు దగ్గర గణేష్ కాళ్ల గోళ్లు చూసుకుంటున్నాడు. వాడి వెనక పట్టుచీరలో జయమ్మ.

"ఇదేంది పిన్నీ?"

"ముట్టుకోలేదనలేదా? పెట్టెను ముట్టుకోలేదు" అన్నది జయమ్మ. అని, తనకే అది చాలలేదనిపించి, గొంతు తగ్గించింది. "సిద్ధాంతిగారిని పిలిపించానే. రెండుసార్లు గుడ్లు పోయాక నేను ఊరికే కూర్చోనా? వేడిగా ఉండేది ఆగ్నేయంలో ఉండొచ్చన్నాడు. భాండారం మాత్రం నిప్పు పక్కన ఉండకూడదు, నైరుతిలోనే ఉండాలన్నాడు. ఈ రెండింట్లో సరుకు దేంట్లో ఉంటుందని గణేష్‌ని అడిగా."

"నేను డిస్కుల అని చెప్పిన అక్కా" అన్నాడు గణేష్. "కరెక్టే గదా?"

"కరెక్టే."

"ఫొటో స్టూడియో ఆయన దగ్గర వైర్లు తెచ్చి అతికిచ్చిన. దీపం వెలిగింది. పనిజేస్తున్నదనుకున్నం."

"మరి పొద్దున అడిగితే చెప్పొచ్చు గద పిన్నీ!"

"చెబితే నవ్వుతావు" అన్నది జయమ్మ. "పోయిన దసరాకి వాస్తు కోసం ఫ్రిజ్ జరిపించానని ఎంతమందికి చెప్పి నవ్వావే నువ్వు? మా అన్నయ్య వాళ్లింట్లో ఇప్పటికీ నన్ను ఫ్రిజ్ అత్తయ్యా అంటున్నారు."

నిజమే. ఆ పేరు ప్రత్యూష పెట్టిందే. బాగా కుదిరిందని అప్పట్లో మురిసింది కూడా. ఇప్పుడు నోట్లోకి వచ్చిన ఇంకో మంచి మాటను ఆమె మింగేసింది.

"సరే పిన్నీ. నవ్వను. కానీ ఇంత పొడుగు దారిల, మూడు అతుకులల్ల మాట సరిగ్గ పోతలేదు. డిస్కు వినేసరికే ఆలస్యమైతున్నది. అది రాసుకున్నాకనే బోర్డు మనకు చెప్తది. డిస్కును బోర్డు పక్కకు తేవాలె."

"నిప్పు పక్కకా?" జయమ్మ ముఖం పాలిపోయింది. "వద్దు. ఇవాళ వద్దు. రేపు పిల్లలు వచ్చే రోజు. ఇవాళ ఏదీ కదిలించను. అది అక్కడికి పోయినాకే గుడ్లు నిలిచాయి."

"అది గాడికి పోయినంకనే అలారం చచ్చింది పిన్నీ!"

"మోగిందిగా?"

"అరగంటకు మోగింది!"

"అయితే బోర్డునే..." అని గణేష్ ఏదో చెప్పబోయి, ఇద్దరూ ఒకేసారి చూడటంతో ఆగిపోయాడు.

మాట తెగేట్టు లేదు. ప్రత్యూష బల్ల మీది తెర వైపు తిరిగింది. హ్యాచర్: ముప్పై ఏడు పాయింట్ ఒకటి. బస్సులో మునగాల దగ్గర చూసినప్పుడూ ఇదే. వాకిట్లో దిగినప్పుడూ ఇదే. గాలి పీల్చే గుడ్లు, తిరిగే పంకా, వచ్చిపోయే కరెంటు ఉన్న పెట్టెలో వేడి ఇంతసేపు ఒక్క పాయింటు కూడా కదలకుండా ఉంటుందా? అంకె పక్కన చిన్న అక్షరాల్లో టైము ఉంది. గోడ గడియారం వైపు చూసింది. తెర ముప్పావుగంట వెనక ఉంది.

"గణేషూ, ఇందాక కరెంటు పోయిందా?"

"పోయొచ్చింది. జనరేటర్ ఎయ్యకముందే వచ్చింది. నేను అట్టపెట్టెలు కట్టుకుంటున్న..."

మిగతా మాట వినకుండానే ఆమె పరిగెత్తింది.

హ్యాచర్ అద్దం వెనక మామూలు గాజు ధర్మామీటర్ ఒకటి వేలాడుతుంది. దానికి డిస్కు లేదు, వైరు లేదు. అందులో ఎర్రగీత ముప్పై తొమ్మిది దాటి ఉంది. హీటర్ వెలుగుతోంది. పంకా తిరగడం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు హీటర్ లేచింది, పంకా లేవలేదు.

"బాబాయ్!"

ప్రత్యూష హీటర్ ఆపేసింది. రెండు తలుపులూ బార్లా తెరిచింది. లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టింది, దాంతోపాటు కొత్త పిల్లల పచ్చివాసన. గణేష్ వచ్చి పంకా బెల్టు మీద పడ్డాడు. ఒక చెంప నురగతో రాధాకృష్ణ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన చేతిలో రేజర్ ఇంకా అట్లాగే ఉంది.

"విసరండి బాబాయ్! ఏదుంటే దాంతో!"

పిల్లల్ని పంపే అట్టపెట్టెల మూతలు అక్కడే ఉన్నాయి. తలా ఒకటి తీసుకున్నారు. జయమ్మ పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు దోపి, రెండు చేతులతో రెండు మూతలు పట్టుకుని, నోట్లో ఏదో దండకం చదువుతూ విసిరింది. ఎర్రగీత కదిలినట్టు కనిపించేది, మళ్లీ కదల్లేదేమో అనిపించేది. వాకిట్లో వ్యాన్ డ్రైవర్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. బెల్టు చక్రం మీదికెక్కి పంకా గరగరమని తిరిగింది.

గీత ముప్పై ఎనిమిదికి దిగింది. తర్వాత ముప్పై ఏడున్నర. తలుపులు మూసి హీటర్ మళ్లీ వేశారు. అందరూ గోడకానుకుని చెమటలు తుడుచుకుంటుండగా ప్రత్యూష ఫోన్ మోగింది. దాని వెంటే జయమ్మది, రాధాకృష్ణది, గణేష్‌ది.

"హ్యాచర్ వేడి హద్దు దాటింది. వెంటనే చూడండి."

జయమ్మ ఫోన్ వైపు చాలాసేపు చూసింది. "ఇప్పుడా చెప్పేది!" అన్నది. ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా ఆఫీసు గదిలోకి నడిచింది. ప్రత్యూష వెళ్లేసరికి ఆమె కుర్చీ ఎక్కి బీరువా మీది డిస్కును పట్టుకుంది.

"ఆగు పిన్నీ! ఊరికే పీకొద్దు, ముందు బోర్డును ఆపాలె."

"ఆపు. ఆపి చెప్పు." కుర్చీ మీదే నిలబడింది. కళ్లలో నీళ్లు. "నా చేత్తోనే తీస్తా. నా చేత్తోనే పెట్టా కదా."

"పిన్నీ, నువ్వు కావాలని..."

"మూడోసారి కూడా పోతే ఆయన మంచం పడతాడే. ఆ భయంతోనే పెట్టా. ఆ నిప్పు పక్కనే పెట్టాలా? వేరే దారి లేదా?"

ప్రత్యూష కుర్చీ పక్కన నిలబడి ఆలోచించింది. నవ్వు ఎక్కడా దగ్గర్లో లేదు. హ్యాండ్‌బ్యాగులోంచి రెండో డిస్కు తీసింది.

"ఉన్నది. ఇప్పటిదాక రాసినయన్ని దీంట్లకు ఎక్కించి ఇస్త. బోర్డు పక్కన ఉండేది రోజువారీ వాడకానికి. అది పోయినా ఇది ఉంటది. దీన్ని నువ్వు బీరువాల, నైరుతిల పెట్టుకో. వైరు వద్దు. వారానికోసారి గణేష్ తీసి ఎక్కించి మళ్ల పెడ్తడు. నిజం చెప్పాలంటే నేను మొదటి రోజే చెయ్యాల్సిన పని ఇది."

"అయితే అసలు భాండారం ఇదేనా?"

"అసలు ఇదే."

జయమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది. "సిద్ధాంతిగారికి చెబితే ఒప్పుకుంటాడు" అన్నది, తనకు తనే.

బోర్డు ఆగింది. డిస్కు దిగింది. జానెడు వైరుతో బోర్డు పక్కన చేరింది. బోర్డు మళ్లీ లేచేదాకా ప్రత్యూష ఊపిరి బిగబట్టే ఉంది. లేచింది. డిస్కు పెద్దదారిలోనే వచ్చింది. "అయింది" అని అబద్ధం ఆడనివ్వని ఆ పరీక్షనే మళ్లీ పెట్టింది. ఈసారి అంకె సూర్యాపేట వంటింట్లో వచ్చినంత వచ్చింది. అంతటితో ఆగకుండా ప్రోగ్రామ్‌లో రెండు వరుసలు పైకీ కిందికీ మార్చింది. ముందు అరుపు, తర్వాత రాత. రుజువు కోసం ఆగే అలవాటు ఆడపడుచులతో మాట్లాడేటప్పుడు ఉంటే చాలు, హ్యాచర్‌కు అక్కర్లేదు.

"నమ్మొచ్చా?" అన్నాడు రాధాకృష్ణ. చెంప మీద నురగ ఎండి తెల్లగా అతుక్కుపోయింది.

అదే మాట నిన్న అడిగితే ఆమె నవ్వి ఉండేది. ఇప్పుడు మాటతో సరిపెట్టదలచుకోలేదు. అదనంగా తెప్పించి ఉంచిన సెన్సార్ ఒకటి బోర్డుకు తగిలించి జయమ్మ చేతికిచ్చింది. "గుప్పిట్ల గట్టిగ పట్టుకో పిన్నీ. ఇప్పుడు దీనికి హద్దు మన ఒంటి వేడికి కొంచెం కిందికి పెట్టిన."

జయమ్మ పట్టుకుంది. విసిరి విసిరి కాగిన చేతులు. తెర మీద అంకె ఎక్కుతూ పోయింది. హద్దు తాకిందో లేదో నాలుగు ఫోన్లూ ఒక్కసారి మోగాయి.

"అమ్మో, ఊరుకోదే!" అని జయమ్మ సెన్సార్ వదిలేసింది.

వాకిట్లో హారన్ మళ్లీ మోగింది. రాధాకృష్ణ గుమ్మం దగ్గరికి వెళ్లి, "మీరు పదండ్రా, మేం తర్వాత వస్తాం" అని కేక వేశాడు. పనిచేసే ఆడవాళ్లతో వ్యాను కదిలింది. ఆయన మాత్రం హ్యాచర్ గదిలోకి అడుగు పెట్టలేదు. గుమ్మం బయటే కూలబడ్డాడు.

"మీరిద్దరూ చూడండి" అన్నాడు. "నేను చూడలేను."

ప్రత్యూష తలుపు జానెడు తీసింది. పై ట్రేలో కొన్ని గుడ్ల మీద సన్నని పగుళ్లు ఉన్నాయి, పొద్దుటివి. ఏదీ కదలడం లేదు. జయమ్మ ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకుంది. ముఖంలో ఏ మార్పూ రాలేదు. దాన్ని పెట్టి ఇంకోటి తీసింది. అదీ పెట్టేసింది. ప్రత్యూష కూడా ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. వెచ్చగా, నున్నగా, నిశ్శబ్దంగా ఉంది. తన గుండె చప్పుడే వినబడుతోంది, అంతకుమించి ఏమీ లేదు.

"కింది ట్రే" అన్నది ప్రత్యూష. "వేడి పైన ఎక్కువ ఉంటది."

జయమ్మ చీర సంగతి మరిచి మోకాళ్ల మీద కూర్చుంది. కింది ట్రేలోంచి ఒక గుడ్డు తీసింది. చెవికి పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తెరిచింది. గుడ్డును ప్రత్యూష చెవి దగ్గరికి జరిపింది.

లోపల ఎవరో గోరుతో తలుపు గీకుతున్నట్టు. ఆగి, మళ్లీ. మధ్యలో చిన్న కూత, చిరాగ్గా.

"ఏమంటున్నాయి?" అన్నాడు బయటి నుంచి రాధాకృష్ణ.

"పైవి కొన్ని మాట్లాడట్లేదండీ" అన్నది జయమ్మ. "కిందివి మాట్లాడుతున్నాయి. ఇదైతే తిడుతోంది."

"ఎవర్ని?"

"ఉండండి, అడిగి చెబుతా."

ఆమె గుడ్డును జాగ్రత్తగా దాని చోట పెట్టింది. ప్రత్యూష తలుపు మూసి గడియ వేసింది. పై ట్రేలో ఎన్ని నిలుస్తాయో తెల్లవారితే గానీ తెలియదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుని, ఒక స్టూలు లాక్కుని, ఎర్రగీత కనిపించేట్టు అద్దానికి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి గుమ్మం బయటి నుంచి రాధాకృష్ణ లేచివచ్చి, ఎండిన నురగ గీక్కుంటూ, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.